ట్రాక్టరు ప్రమాదము: తప్పు ఎవరిది? నష్టపరిహారము ఎట్లు పొందవలెను?

నాగలి, గొర్రు, ఎడ్ల బండి చేసెడి పనులన్నియు నేడు మన పల్లెలలో ట్రాక్టరు చేయుచున్నది. దుక్కి, దమ్ము, ఎరువు తోలుట, ధాన్యమును మార్కెట్టు యార్డుకు చేర్చుట, నాట్లకును మిరప కోతలకును కూలీలను తీసికొనిపోవుట, అన్నిటికి అదే ఆధారము. ఎడ్ల బండి బోల్తాపడిన మోకాళ్ళు కొట్టుకొనిపోవును. ట్రాక్టరు బోల్తాపడిన ప్రాణము పోవును; లేదా పని చేసి పెట్టవలసిన కాలో చేయో పోవును.

ఎకరమునకు ఎంత యూరియా వేయవలెనో, ఏ తెగులుకు ఏ మందు చల్లవలెనో ఈ పత్రికలో ప్రతి నెల వ్రాయుచునే యున్నాము. కాని ట్రక్కు క్రింద పడి కాలు పోగొట్టుకొన్న వాడు మరునాటి నుండి ఏమి చేయవలెనో ఎవరును చెప్పుట లేదు. వానికి రావలసిన పరిహారములో పెద్ద భాగము కోర్టులో గాక, ప్రమాదము జరిగిన మొదటి రెండు దినములలోనే, ఆసుపత్రి వరండాలోను రచ్చబండ మీదను పోవుచున్నది. అందువలన ఈ వ్యాసము వ్రాయుచున్నాను. నేను న్యాయవాదిని కాను, వ్యవసాయ పట్టభద్రుడను. ఇందు వ్రాసినది చదివి మీరు న్యాయవాదిని విడిచిపెట్టవలదు. న్యాయవాది వద్దకు పోవునప్పటికి చేతిలో ఏమేమి ఉండవలెనో తెలిసికొనిన చాలును.

తప్పు లెక్క

నష్టపరిహారపు చట్టమునకు మూలసూత్రము ఒక్కటే. ఒకని అజాగ్రత్త వలన వేరొకనికి దెబ్బ తగిలినచో, అజాగ్రత్తపడినవాడు నష్టము భరింపవలెను. అయితే దెబ్బ తిన్నవాడు కూడ కొంత అజాగ్రత్తగా ఉన్నచో ఏమి చేయవలెను? ఇక్కడనే చిక్కు.

పూర్వము ఇంగ్లాండులో ఈ విషయమున చాల కఠినమైన న్యాయముండెను. 1809లో డెర్బీ పట్టణమున ఒకడు తన ఇంటి మరమ్మతు కొరకు దారికి అడ్డముగా ఒక వాసము పెట్టినాడు. మునిమాపు వేళ వేరొకడు గుఱ్ఱమును దౌడు తీయించుచు వచ్చి దానికి తగిలి పడినాడు. దారికి అడ్డము పెట్టుట తప్పే, కాని చూచుకొనక దౌడు తీయించుట నీ తప్పు కూడ కాబట్టి నీకు ఒక్క కాసు కూడ రాదని న్యాయస్థానము చెప్పినది. బాధితుని తప్పు రవ్వంత ఉన్నను మొత్తము పరిహారము పోవలసినదే. ఈ సూత్రపు కాఠిన్యము 1842 నాటికి న్యాయమూర్తులకే మింగుడుపడలేదు. ఒక ఆసామి తన గాడిదకు ముందరి కాళ్ళు బంధించి దారి ప్రక్కన మేతకు వదలినాడు. మూడు గుఱ్ఱముల బండి వేగముగా వచ్చి దానిని తొక్కినది. గాడిదను దారిమీద వదలుట తప్పే అయినను, చివరి క్షణమున ప్రమాదము తప్పింపగల అవకాశము బండివానికే ఉన్నది గనుక వాడే నష్టము చెల్లింపవలెనని తీర్పు వచ్చినది. పశువులను రోడ్డు ప్రక్క కట్టివేయు మన రైతులకు ఈ గాడిద కథ వింతగా తోచదనుకొందును.

ఇంగ్లాండు 1945లో చట్టము చేసి ఆ పాత సూత్రమును విడిచి, తప్పును పాళ్ళుగా పంచు పద్ధతికి వచ్చినది. అమెరికాలో మాత్రము వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరొలినా, అలబామా రాష్ట్రములలో ఆ పాత కఠిన న్యాయమే నేటికిని నడుచుచున్నది. 2013లో మేరీలాండ్ అత్యున్నత న్యాయస్థానము దానిని మార్చుటకు అంగీకరింపలేదు. మన జిల్లాల బిడ్డలు అనేకులు ఉద్యోగరీత్యా ఆ రాష్ట్రములలో ఉన్నారు. అక్కడ కారు ప్రమాదములో గాయపడినవాడు మర్యాదకొరకు "నాది కూడ కొంచెము పొరపాటే" అని అవతలి బీమా గుమాస్తాతో ఫోనులో అన్న ఒక్క మాట చాలును, మొత్తము దావాకు గండి పడుటకు. మీ అబ్బాయి అక్కడ ఉన్నచో ఈ సంగతి వానికి చెప్పుడు.

మన దేశములో అంత కాఠిన్యము లేదు. ఇక్కడ మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు తప్పును పాళ్ళుగా విభజించును. ట్రాక్టరు నడిపినవానిది మూడు పాళ్ళు, బాధితునిది ఒక పాలు అని తేలినచో, పరిహారములో నాలుగవ వంతు తగ్గును, తక్కినది వచ్చును. కాని ఈ "ఒక పాలు" ఎంత ఖరీదైనదో ముందు లెక్కవేసి చూపెదను. కావున బీమా కంపెనీవారి న్యాయవాది మొదట వెదకునది బాధితుని తప్పునే.

ఏది తప్పు, ఏది తప్పు కాదు

చట్టమును మీరుట వేరు, ప్రమాదమునకు కారణమగుట వేరు. ఈ భేదము తెలియక అనేకులు "మా వానికి లైసెన్సు లేదు గదా, ఇంక మనకేమి వచ్చును" అని ఊరకుండుచున్నారు. సుప్రీంకోర్టు 2008లోనే దీనికి జవాబు చెప్పినది: లైసెన్సు లేకుండ బండి నడుపుట నేరమే, దానికి శిక్ష వేరే ఉన్నది, కాని అంత మాత్రమున ప్రమాదములో వాని తప్పు ఉన్నట్లు కాదు. 2020లో మరియొక కేసు వచ్చినది. ఒక మోటారు సైకిలు మీద ముగ్గురు పోవుచుండగా కారు వెనుకనుండి గుద్దినది. ముగ్గురెక్కినారని హైకోర్టు పదవ వంతు తగ్గించినది. ముగ్గురెక్కుట వలననే ప్రమాదము జరిగినదని గాని, దాని వలన దెబ్బ ఎక్కువైనదని గాని చూపనంతవరకు తగ్గింపరాదని సుప్రీంకోర్టు ఆ తగ్గింపును కొట్టివేసినది. హెల్మెట్ సంగతి కూడ ఇట్లే చూడవలెను. తలకు దెబ్బ తగిలినచో హెల్మెట్ లేదనుటలో అర్థమున్నది. కాలు విరిగినవానికి హెల్మెట్ లేదనుటలో అర్థమేమి?

చీకటిలో దీపము లేక రోడ్డు మీద నిలిపిన ట్రక్కు మన జిల్లాలలో పెద్ద మృత్యువు. చెఱకు తోలునప్పుడు, వరి కోతలప్పుడు చూడుడు: టైరు పంచరై ట్రక్కును రోడ్డు మీదనే విడిచి, వెనుక నాలుగు రాళ్ళు పెట్టి ఇంటికి పోవుదురు. తెల్లవారుజామున పాలు పోయు కుర్రవాడు వచ్చి దానికి గుద్దుకొనును. "కండ్లు లేవా వానికి?" అని ఊరిలో అందురు. 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఇట్టి కేసే వచ్చినది. రోడ్డు నడుమ దీపములు లేక నిలిపిన గ్యాసు ట్యాంకరుకు కారు గుద్దుకొన్నది. హైకోర్టు సగము తప్పు కారువానిదన్నది. సుప్రీంకోర్టు ఒప్పుకొనక, హెచ్చరిక దీపములు లేక బండి నిలిపినవానిదే తప్పని తీర్మానించినది. ట్రక్కు వెనుక ఎఱ్ఱ రిఫ్లెక్టరు బిళ్ళలు అతికించుటకు అగు ఖర్చు మీకు తెలిసినదే. అతికించకపోయిన అగు ఖర్చు ఇది.

ఇంకొక మాట. బాధితుడు కేవలము ప్రయాణికుడైనప్పుడు, రెండు బండ్లు గుద్దుకొన్నచో, రెండు బండ్లవారును పూర్తి మొత్తమునకు బాధ్యులే. ఎవరి పాలెంతయో వారిలో వారు తేల్చుకొందురు. బాధితుడు ఏ ఒక్కరి మీదనైనను మొత్తము కోరవచ్చునని 2015 తీర్పు. ఆటోలో కూర్చొని పోవుచున్న మిరప కోత కూలీని "నీ ఆటోవానిది సగము తప్పు, కావున నీకు సగమే" అని లారీ బీమావారు త్రిప్పి పంపుటకు వీలులేదు. పసిపిల్లల విషయమున కోర్టులు సాధారణముగా తప్పు పాలు కట్టవు.

ట్రిబ్యునలులో రుజువు కూడ క్రిమినల్ కేసులో వలె సందేహమునకు తావు లేనట్లు ఉండనక్కర లేదు. ఉభయపక్షముల మాటలలో ఏది నమ్మదగియున్నదో చూతురు.

మొదటి దినము ఆసుపత్రిలో

ఇది అన్నిటికంటె ముఖ్యము, కావున నిదానముగా చదువుడు.

కూలీలు ఎక్కిన ట్రక్కు కాలువ కట్ట మీద ఒరిగినది. ఒక స్త్రీకి తొడ ఎముక విరిగినది. ట్రాక్టరు ఆసామి పరుగున వచ్చి, కారు మాట్లాడి ఆసుపత్రిలో చేర్చును, డబ్బు కట్టును. మంచివాడే. కాని దారిలో ఎవరో సలహా చెప్పుదురు: ట్రాక్టరని చెప్పిన పోలీసు కేసగును, ఎందుకు వచ్చిన తంటా? డ్యూటీ డాక్టరు, "ఎట్లా పడ్డావమ్మా?" అని అడుగును. ఆమె ఆసామి ముఖము చూచి, "ఇంటికాడ మెట్ల మీద జారి పడ్డానయ్యా" అనును. డాక్టరు ఆ మాటనే రిజిస్టరులో వ్రాయును. మరియొక చోట "ఎద్దు పొడిచినది" అని వ్రాయింతురు.

ఆ ఒక్క వాక్యము తరువాత ఏడేండ్లు వెంటాడును. నాలుగు నెలలకు ఆసామి డబ్బు ఇచ్చుట మానును, ఎముక సరిగా అతకలేదని తెలియును, అప్పుడు ఆమె భర్త న్యాయవాదిని వెదకును. ట్రిబ్యునలులో బీమా కంపెనీవారు ఆసుపత్రి కాగితము తీసి, "మెట్ల మీద పడిన దెబ్బకు మేమేల ఇయ్యవలెను?" అని అడుగుదురు. దానికి జవాబు చెప్పుట బ్రహ్మతరము గాదు. ఇందులో ఆసామికి గూడ మేలు లేదు. బండికి బీమా ఉండి, ప్రయాణమునకు ఆ బీమా వర్తించునదైనచో కంపెనీ ఇయ్యవలసిన సొమ్మును అతడు తన జేబునుండి ఇచ్చుకొనుచున్నాడు.

కావున డాక్టరుకు జరిగినది జరిగినట్లు చెప్పుడు: ఏ బండి, ఏ చోట, ఏ వేళ. ఆసుపత్రివారు దానిని మెడికో లీగల్ కేసుగా వ్రాసి పోలీసు ఠాణాకు తెలుపుదురు. ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసికొనుడు. బండి నంబరు, నడిపినవాని పేరు, బీమా పాలసీ వివరము వ్రాసికొనుడు. చేతిలో సెల్ ఫోను ఉన్నచో బండ్లను ప్రక్కకు తీయక ముందే నాలుగు ప్రక్కల నుండి ఫోటోలు తీయుడు. టైర్ల జాడలు, రోడ్డు అంచు, ట్రక్కు వెనుక దీపములు ఉన్నవో లేవో కనబడునట్లు తీయుడు. పాళ్ళు తేల్చునప్పుడు ఈ ఫోటోలే మాటలాడును.

2022 ఏప్రిల్ నుండి అమలులోనున్న కేంద్ర నియమముల ప్రకారము పోలీసువారు 48 గంటలలో మొదటి ప్రమాద నివేదికను, 90 దినములలో సవివరమైన నివేదికను ట్రిబ్యునలుకు పంపవలెను. ఆ సవివర నివేదికనే ట్రిబ్యునలు పరిహారపు అర్జీగా స్వీకరింపవచ్చును. గ్రామాధికారులు ఈ తేదీలు గుర్తుంచుకొని ఠాణాలో విచారించినచో బీదవానికి ఎంతయో మేలు చేసినవారగుదురు. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకము క్రింద రోడ్డు ప్రమాద బాధితునికి, నియమిత ఆసుపత్రులలో ఏడు దినముల వరకు, రూ. 1,50,000 మించకుండ, నగదు కట్టకుండ చికిత్స చేయుదురు.

అబద్ధము ఆడుట ఒక దోషమైనచో, అబద్ధమును అల్లుట మరియొకటి. నడిపిన కుర్రవానికి లైసెన్సు లేదని వేరొకనిని డ్రైవరుగా చూపుట, బీమా లేని బండికి బదులు బీమా ఉన్న బండి పెట్టుట కొన్ని చోట్ల తెలివి క్రింద చెలామణి అగుచున్నది. బయటపడినప్పుడు పరిహారము పోవుటయే గాక క్రిమినల్ కేసు మిగులును. నిజముగా కాలు పోయినవాడు మోసగాడుగా నిలువవలసి వచ్చును.

ట్రాక్టరు గల రైతు తెలిసికొనవలసినది

ట్రాక్టరుకు ఉన్నది ఒకే సీటు, అది నడుపువానిది. మడ్‌గార్డు మీద కూర్చున్నవాడు బీమా దృష్టిలో లేనివాడు. ట్రక్కు సరకు మోయుటకు గాని మనుష్యులను మోయుటకు కాదు. సరకు బండిలో ఉచితముగా ఎక్కిన ప్రయాణికునికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2003లో స్పష్టముగా చెప్పినది. తన సరకుతో కూడ పోవు ఆసామికి మాత్రము 1994 సవరణ రక్షణ ఇచ్చుచున్నది.

దీని ఫలితమేమి? పెండ్లికి ముప్పది మందిని ఎక్కించుకొని పోయిన ట్రాక్టరు బోల్తాపడినచో, బాధితులకు పరిహారము ఇయ్యవలసినది ఆసామి. బాధితులు బీదవారని జాలిపడి కోర్టులు కొన్నిమార్లు "కంపెనీ మొదట చెల్లించి, తరువాత ఆసామి వద్ద రాబట్టుకొనవలెను" అని ఉత్తర్వు చేయుచున్నవి. 2018లో ట్రాక్టరు మీద ప్రయాణించినవాని కేసులో సుప్రీంకోర్టు ఇట్లే చేసినది. బాధితునికి ఇది మంచిదే. ఆసామికి మాత్రము కొన్నాళ్ళకు జప్తు నోటీసు వచ్చును. ఊరిలో మొగమాటమునకు బండి ఇచ్చి పొలము మీదికి తెచ్చుకొనుట ఇదియే. పాలసీ కాగితము తీసి ట్రక్కుకు వేరే బీమా ఉన్నదా, కూలీలకు అదనపు ప్రీమియము కట్టినారా అని ఈ దినమే చూచుకొనుడు. చాలమంది పాలసీని ఇంజను నంబరు వరకే చదివి పెట్టెలో పెట్టుదురు.

లైసెన్సు విషయములో రైతుకు కొంత ఊరట ఉన్నది. ట్రాక్టరు నడుపుటకు లైసెన్సు గలవాడు దానికి ట్రక్కు తగిలించినంత మాత్రమున లైసెన్సు చెల్లకపోదని 2001 తీర్పు. 7,500 కిలోల లోపు బరువు గల రవాణా బండ్లను తేలిక మోటారు వాహనపు లైసెన్సుతో నడుపవచ్చునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనము స్థిరపరచినది. పదునాలుగేండ్ల కుమారునికి స్టీరింగు ఇచ్చువారికి మాత్రము ఊరట లేదు. 2019 సవరణ ప్రకారము మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రికి, బండి ఆసామికి మూడేండ్ల వరకు జైలు, రూ. 25,000 జుల్మానా.

ఒంటరిగా దున్నుచు తన ట్రాక్టరు క్రింద తానే పడినవాడు ఎవరి మీద దావా వేయగలడు? తన తప్పునకు తానే పరిహారము అడుగజాలడు. స్నేహితుని బండి అడిగి తెచ్చుకొని పడినవానికి కూడ 2009 తీర్పు ప్రకారము ఇదే గతి. వాడు ఆసామి చెప్పులో కాలు పెట్టినవాడు. ఇట్టివారికి ఆధారము, బండి ఆసామి పేర తీసికొను రూ. 15 లక్షల స్వీయ ప్రమాద బీమా, మరియు బ్యాంకు ఖాతానుండి ఏటా రూ. 20 తీసి ఇచ్చు ప్రధానమంత్రి సురక్షా బీమా. ఈ రెండవది చిన్నదే (మరణమునకు రూ. 2 లక్షలు), కాని అందులో తప్పెవరిదను ప్రశ్నయే లేదు.

పొలములో జరిగిన ప్రమాదము వేరు. రోటవేటరులో కాలు పడిన పాలేరు, నూర్పిడి యంత్రములో చేయి పోయిన కూలీ రోడ్డు మీద లేరు. యంత్రముతో వ్యవసాయము చేయు పనివారిని 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టములోనే చేర్చినారు. ఆ చట్టపు నియమములు ఇప్పుడు 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసినవి. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. పనిలో దెబ్బ తగిలినచో యజమాని తప్పు చూపనక్కర లేదు. త్రాగి పని చేయుట, కావలెనని రక్షణ తొడుగు తీసివేయుట వంటి తప్పులే పరిహారమునకు అడ్డు వచ్చును. ప్రాణము పోయినప్పుడు అవి కూడ అడ్డు రావు. నూర్పిడి యంత్రములవంటి వానిని అదుపు చేయుటకును, కూలీల క్షేమమునకును 1983లో ప్రమాదకర యంత్రముల చట్టము ప్రత్యేకముగా చేసినారు. ఒకే ప్రమాదమునకు మోటారు చట్టము, పనివారి చట్టము రెండును వర్తించినచో ఒకదానినే ఎన్నుకొనవలెను. ఏది ఎక్కువ ఇచ్చునో లెక్క వేసికొని ఎన్నుకొనుడు.

లెక్క

38 ఏండ్ల వ్యవసాయ కూలీ ఒకడున్నాడనుకొందము. నెలకు రూ. 10,000 సంపాదన. 40 ఏండ్ల లోపు వాడు గనుక, 2017లో సుప్రీంకోర్టు ఏర్పరచిన పద్ధతిన ముందు ముందు పెరుగు సంపాదన క్రింద నూటికి 40 కలుపుదురు: రూ. 14,000. ఏడాదికి రూ. 1,68,000. 36 నుండి 40 ఏండ్ల వయస్సుకు గుణకము 15 అని 2009 తీర్పు. 15తో గుణించిన రూ. 25,20,000. వాని పని శక్తి సగము పోయినదని తేలినచో రూ. 12,60,000. దీనికి మందుల ఖర్చు, నొప్పికి బాధకు, పని లేని దినములకు వేరుగా కలుపుదురు. ఇప్పుడు బీమావారు "వాడు రోడ్డుకు అడ్డము వచ్చినాడు, నాలుగవ వంతు వానిదే తప్పు" అని నెగ్గించుకొన్నచో, ఆ ఒక్క మాటకు పోవునది రూ. 3,15,000. కావుననే ఫోటోలు తీయుమంటిని.

"సగము" అన్న అంకె ఎక్కడినుండి వచ్చును? వైద్య బోర్డు ఇచ్చు వికలాంగ ధ్రువపత్రములోని శాతము అవయవమునకు సంబంధించినది. ట్రిబ్యునలు చూడవలసినది ఆ మనిషి పనికి ఎంత నష్టమని. 2011లో సుప్రీంకోర్టు చక్కని ఉదాహరణ ఇచ్చినది: ఎడమ చేయి పోయిన గుమాస్తా ఉద్యోగము పోకపోవచ్చును; అదే చేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన మొత్తము పోవును. కావున మడిలో నాటు వేయువాడు, కావిడి మోయువాడు, తన పనికి ఆ కాలు ఎంత అవసరమో వైద్యుని నోట సాక్ష్యముగా చెప్పించవలెను. 2014లో కాలు పోయిన ఒక కూరగాయల వర్తకునికి, ఆదాయపు కాగితము ఏదియు లేకున్నను, నెలకు రూ. 6,500 సంపాదన ఉన్నట్లు, నూటికి 85 పాళ్ళు పోయినట్లు ఎంచినారు.

సొంత భూమి గల రైతు విషయమున బీమావారు వేరొక వాదము తెత్తురు: భూమి ఎక్కడికి పోయినది, పంట పండుచునే యున్నది గదా అని. 2003 తీర్పులో ఈ వాదమునకు కొంత బలము దొరకినది. భూమి నిలిచియున్నను రైతు స్వయముగా చేసెడి పని, పర్యవేక్షణ పోయిన నష్టము మాత్రము లెక్కింపవలెనన్నారు. కావున ఎకరముల సంఖ్య చూపి ఊరకుండిన చాలదు. ప్రమాదమునకు ముందు స్వయముగా ఏ పనులు చేసినారో, తరువాత ఆ పనులకు ఎంత కూలి ఇచ్చినారో చిత్తు పుస్తకములో తేదీలతో వ్రాసికొనుడు. అడంగలు లేదా పహాణీ నకలు, మార్కెట్టు యార్డు పట్టీలు, పాల సంఘపు పుస్తకము, కూలీ అయినచో ఉపాధి పనుల జాబు కార్డు – ఇవన్నియు సాక్ష్యములే. మన రైతు దుకాణములో బాకీ లెక్క చీటీ మీద ఉంచుకొనును, తన రాబడి లెక్క మాత్రము తలలో ఉంచుకొనును. ఇది మంచి అలవాటు కాదు.

తప్పు నిరూపించు శ్రమ లేకుండ, 2022 ఏప్రిల్ నుండి మరణమునకు రూ. 5 లక్షలు, తీవ్ర గాయమునకు రూ. 2.5 లక్షలు తీసికొను మార్గము ఒకటి ఉన్నది. గుద్దిన బండి జాడ తెలియనప్పుడు తహసీలుదారు లేక రెవిన్యూ డివిజను అధికారి ద్వారా మరణమునకు రూ. 2 లక్షలు, తీవ్ర గాయమునకు రూ. 50,000 వచ్చును. మొదటిదానిని స్వీకరించినచో పెద్ద అర్జీ రద్దగును. చిన్న గాయమునకు అది చాలును. పైన చెప్పిన కూలీవంటివాడు తొందరపడి సంతకము చేసినచో పది లక్షలు వదలుకొన్నట్లే.

పెద్దమనుషుల ఎదుట రాజీ గూర్చి కూడ ఇక్కడనే చెప్పవలెను. ఆపద వేళ వెంటనే చేతికి డబ్బు వచ్చుట మంచిదే, దానిని ఖర్చుల క్రింద తీసికొని రసీదు ఇయ్యుడు. "ఇక ఏ హక్కు లేదు" అని వ్రాసిన కాగితము మీద మాత్రము, ఎముక అతికినదో లేదో తెలియక ముందు వేలిముద్ర వేయవలదు.

కరెంటు, కళ్ళము

తెగిపడిన కరెంటు తీగ విషయమున తప్పు లెక్కయే లేదు. 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో, వాన నీటిలో పడియున్న తీగ తగిలి సైకిలు మీద పోవువాడు చనిపోయినాడు. కరెంటు దొంగిలించిన మూడవవాడు ఆ తీగ వేసినాడని బోర్డు వాదించినది. ప్రమాదకరమైన వస్తువును నడుపువాడు, తన అజాగ్రత్త ఉన్నను లేకున్నను, దాని వలన జరిగిన నష్టము భరింపవలెనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మోటారు వద్ద, తీగ క్రింద ప్రమాదము జరిగినచో పోలీసుకే గాక విద్యుత్ తనిఖీ అధికారికి గూడ వెంటనే తెలియజేసి, తీగను చుట్టి తీసికొనిపోక ముందు పంచనామా జరిగించుడు. అడవి పందులకని చేనికి కరెంటు పెట్టు రైతుకు ఇదే న్యాయము తిరగబడి తగులును. అది నేరము, ప్రక్క చేను ఆసామి చనిపోయినచో "నేను పందికి పెట్టితిని" అన్న జవాబు ఏ కోర్టులోను నిలువదు.

రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోసి చుట్టు రాళ్ళు పెట్టుట కూడ అట్టిదే. కళ్ళములు తక్కువైనవని మాకు తెలియును. కాని రాత్రి పట్టా కప్పిన కుప్పకు తగిలి పడిన మోటారు సైకిలువాడు 1809 నాటి డెర్బీ గుఱ్ఱపువాడు కాదు. ఇక్కడ వానికి పాళ్ళ లెక్కన వచ్చును, ఇయ్యవలసినది మీరు. వడ్లకు బీమా లేదు.

ఎక్కడికి పోవలెను

అర్జీని ప్రమాదము జరిగిన చోటనే వేయవలెనని లేదు. మీరు నివసించు జిల్లా ట్రిబ్యునలులో వేయవచ్చును. 2022 ఏప్రిల్ నుండి గడువు ఆరు నెలలు. ఈ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యములు నడచినవి. గడువు మీరినదన్న ఒక్క కారణముతో అర్జీలు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చినది. అయినను ఆ ఉత్తర్వును నమ్ముకొని కూర్చుండక, ఆరు నెలలలోపలనే దాఖలు చేయుడు.

స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, వికలాంగులకు, తక్కువ ఆదాయము గలవారికి 1987 న్యాయసేవల చట్టము క్రింద న్యాయవాదిని ఉచితముగా ఇత్తురు. మండల కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంఘములో అడుగవచ్చును, లేదా 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. ఆసుపత్రి మంచము వద్దకే వచ్చి వకాల్తా మీద వేలిముద్ర తీసికొని, వచ్చినదానిలో సగము నాదని ఒప్పందము వ్రాయించు దళారులు ఉన్నారు. వారిని గ్రామాధికారులు ఆసుపత్రి గేటు వద్దనే ఆపవలెను.

తీర్పు వచ్చిన తరువాత సొమ్మంతయు ఒక్కసారి చేతికి రాకపోవచ్చును. చదువురానివారు, మైనర్లు, వితంతువులు అయినచో కొంత భాగమును బ్యాంకు డిపాజిటులో ఉంచుమని ట్రిబ్యునలు ఆదేశించును. 1994 నుండి ఉన్న పద్ధతి ఇది. బంధువులు దానిని చూచి "డబ్బు కోర్టు తినివేసినది" అందురు. తినలేదు. చికిత్సకు గాని, జీవనోపాధికి గాని కావలసినచో మరల అర్జీ పెట్టి తీసికొనవచ్చును. కాలు పోయినవాడు గేదెలు కొనదలచినచో, పశువైద్యుని ధ్రువపత్రమును, అమ్మువాని ధర చీటీని జతపరచి అర్జీ పెట్టవలెను. ఆ ధర చీటీ వ్రాయించుటకు, ఎన్ని గేదెలకు ఎంత మేత కావలెనో లెక్క వేయుటకు మండల వ్యవసాయ, పశుసంవర్ధక కార్యాలయములకు రండు; అది మాకు తెలిసిన పని.